విషాదం వైరాగ్యం కాదు: నిర్వాసితుల మనోవేదన, మన కర్తవ్యం



"భగవద్గీత చేతిలో ఉండగా మానసిక చికిత్స ఎందుకు?" అనే ప్రశ్న భక్తమండలులలో తరచుగా వినబడుతూ ఉంటుంది. అడిగేవారి ఉద్దేశం మంచిదే. సుఖదుఃఖాలు అంతఃకరణ ధర్మాలే కాని ఆత్మధర్మాలు కావని ఎరిగినవానికి శోకం ఎక్కడిదని వారి భావం. సిద్ధాంతదృష్టితో చూస్తే ఈ మాటలో దోషం లేదు. అయితే ఆ సిద్ధాంతాన్ని ఎవరికి, ఎప్పుడు, ఏ క్రమంలో చెప్పాలన్న విచారణ కూడా శాస్త్రంలో భాగమే. దానినే మన పెద్దలు అధికారి నిరూపణం అన్నారు. ఆ విచారణ లేకుండా, శోకంలో మునిగిన మనిషి ముందు వేదాంతాన్ని అడ్డుగోడగా నిలబెట్టడం శాస్త్రానికే అపచారమని నా అభిప్రాయం. మన ధర్మాన్నే ఆచరించే ఒక నిర్వాసిత జనసమూహపు అనుభవాన్ని ఆధారంగా తీసుకొని ఈ అభిప్రాయాన్ని నివేదిస్తాను.

భూటాన్ దేశపు దక్షిణ ప్రాంతంలో తరతరాలుగా నేపాలీ భాష మాట్లాడే ప్రజలు నివసిస్తూ వచ్చారు. వారికి లోత్షాంపాలని పేరు; దక్షిణాదివారు అని ఆ మాటకు అర్థం. వరి, నారింజ, ఏలకుల సాగు వారి జీవనాధారం. వారిలో అత్యధికులు హిందువులు. 1985 నాటి పౌరసత్వ చట్టాన్ని అనుసరించి 1988లో జనగణన జరిగింది. 1958 నాటికి తాము ఆ దేశవాసులమేనని పత్రం చూపలేకపోయినవారు ఆ గణనతో స్వదేశంలోనే పరదేశులయ్యారు. 1989లో జాతీయ వేషధారణ నిర్బంధమైంది. పాఠశాలలలో నేపాలీ బోధన ఆగిపోయింది. 1990లో నిరసనలు చెలరేగాయి. వాటి వెంట కారాగారాలు, చిత్రహింసలు, బలవంతపు నిష్క్రమణలు వచ్చాయి. ఇల్లూ పొలమూ విడిచిన ఆ జనం భారతభూమి మీదుగా సాగి, తూర్పు నేపాల్‌లోని ఝాపా జిల్లాలో మాయీ నది ఒడ్డుకు చేరింది. అనంతరం ఝాపా, మొరంగ్ జిల్లాలలో ఏడు శిబిరాలు వెలిశాయి. లక్షకు పైబడిన ప్రజలు వెదురు గుడిసెలలో పదిహేను, ఇరవై సంవత్సరాలు గడిపారు. ఆ గుడిసెలలో పుట్టిన పిల్లలు అక్కడే పెరిగి, పెళ్లి చేసుకొని, తామూ తల్లిదండ్రులయ్యారు.

స్వదేశానికి మరలిపోయే మార్గం తెరుచుకోలేదు. 2007 చివరి నుండి తృతీయదేశాలలో పునరావాసం మొదలై, 1,13,000 మందికి పైగా ఎనిమిది దేశాలకు తరలివెళ్లారు. అత్యధికులు అమెరికాకు చేరారు. గట్టి ఇల్లు, పిల్లలకు చదువు, కొన్నేళ్లలో పౌరసత్వం లభించాయి. ఇక దుఃఖానికి కారణం లేదని లోకం అనుకున్నది.

కాని జరిగింది వేరు. 2009 ఫిబ్రవరి నుండి 2012 ఫిబ్రవరి వరకు మూడేళ్లలో, అమెరికాలో స్థిరపడిన ఈ సమాజంలో 16 మంది ఆత్మహత్య చేసుకున్నట్లు నమోదైంది. అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు దీనిని పరిశోధించాయి. సామాన్య అమెరికా జనాభాలో లక్షకు 12.4గా ఉన్న ఆత్మహత్యల రేటు వీరిలో 24.4గా తేలింది. నాలుగు రాష్ట్రాలలో 423 మందిని ప్రశ్నించగా, 21 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. భాష రాకపోవడం, కుటుంబ కలహాలను తీర్చే పెద్దలు చుట్టూ లేకపోవడం, ఆత్మీయులు దూరం కావడం, మతాచారాలను నిలుపుకోలేకపోవడం తమను బాధిస్తున్నాయని వారు చెప్పుకున్నారు. ఇంటిని పోషించే స్థానం కోల్పోయినవారిలోనూ, తనకంటూ ఎవరూ లేరని భావించినవారిలోనూ ప్రాణత్యాగపు ఆలోచనలు అధికంగా కనిపించాయి.

ఈ చివరి మాట దగ్గర మనం కొంచెంసేపు ఆగాలి. నలభై ఏళ్లు భూమి దున్ని, అతిథికి అన్నం పెట్టి, పితృదేవతలకు తర్పణం విడిచిన గృహస్థు, ఏభై అయిదవ ఏట తెలియని భాష గల నగరంలో మనుమడి చేయి పట్టుకొని దుకాణానికి వెళ్లవలసి వచ్చింది. ఆయనకు ఆకలి లేదు, ప్రాణభయమూ లేదు. కాని తన స్వధర్మం ఏమిటో ఆయనకు తెలియకుండా పోయింది. అటువంటివానికి "నీవు దేహం కావు, ఆత్మవు" అని చెబితే, ఉన్న ఒక్క ఆసరానూ లాగివేసినట్లే అవుతుంది.

మన శాస్త్రం ఇటువంటి సందర్భంలో ఏం చేసింది? గీతలో మొదటి అధ్యాయానికి అర్జున విషాదయోగమని పేరు. విషాదానికి ఒక అధ్యాయం మొత్తం ఇవ్వడమే మనం గమనించవలసిన మొదటి విషయం. అవయవాలు పట్టుతప్పడం, నోరు ఎండిపోవడం, శరీరం వణకడం, మనస్సు గిర్రున తిరగడం మొదలైన లక్షణాలన్నిటినీ అర్జునుడు తానే వర్ణించి చెబుతాడు. అంతసేపూ శ్రీకృష్ణుడు ఒక్క మాట మాట్లాడడు. వింటాడు.

రెండవ అధ్యాయ ప్రారంభంలో భగవానుడు మందలించాడు కదా అని విజ్ఞులు అడగవచ్చు. నిజమే. అయితే ఆ మందలింపు తరువాత ఏం జరిగిందో కూడా చూడాలి. అర్జునుడు లేవలేదు. తన శోకాన్ని మళ్లీ చెప్పుకున్నాడు, దారి తోచడం లేదన్నాడు, శిష్యుడనై శరణు వేడుతున్నానన్నాడు, చివరికి యుద్ధం చేయనని మౌనం వహించాడు. ఆ తరువాతనే ఉపదేశం ప్రారంభమైంది. చిరకాల సఖుడూ సర్వజ్ఞుడూ అయిన పరమాత్మ మందలిస్తేనే తొలగని విషాదం, ముక్కూ మొహమూ తెలియని మనం "ధైర్యంగా ఉండండి, అంతా కర్మ" అంటే తొలగుతుందా?

ఇంకొక అంశం కూడా ఇక్కడే ఉంది. రాజ్యభోగాలకన్న భిక్షాన్నం మేలని అర్జునుడు ఆ స్థితిలో అంటాడు. వినడానికి అది వైరాగ్యవాక్యం. భగవానుడు దానిని వైరాగ్యంగా అంగీకరించలేదు. విషాదం వైరాగ్యపు భాషను అరువు తెచ్చుకోగలదు. సాధకులకు ఇది అత్యంత ప్రమాదకరమైన భ్రాంతి. వైరాగ్యం వివేకం నుండి పుడుతుంది. దాని వెంట ప్రసన్నత, భూతదయ ఉంటాయి. విరాగి ఆహారాన్ని, నిద్రను తన ఇచ్ఛతో నియమించుకుంటాడు. విషాదగ్రస్తుడికి నిద్ర రాదు, అన్నం సహించదు. జపమాల చేతిలోకి తీసుకున్నా మనస్సు నిలవదు. తాను ఎందుకూ పనికిరానివాడనన్న అపరాధభావం లోపల తొలుస్తూ ఉంటుంది. వారాల తరబడి ఈ లక్షణాలు కనబడితే దానిని సాధనలో పురోగతి అని పొగడవద్దు. అది చికిత్స కోరే వ్యాధి.

నిర్వాసితుల విషయంలో గీతకన్న దగ్గరి దృష్టాంతం మహాభారత అరణ్యపర్వంలో ఉంది. రాజ్యం పోగొట్టుకొని కామ్యకవనంలో ఉన్న ధర్మరాజు వద్దకు బృహదశ్వ మహర్షి వస్తాడు. నాకన్న దురదృష్టవంతుడైన రాజును మీరు ఎక్కడైనా చూశారా, విన్నారా అని ధర్మరాజు ఆయనను అడుగుతాడు. ఇది జ్ఞానం కోరి వేసిన ప్రశ్న కాదు. కుంగిన మనస్సు పలికిన మాట. మహర్షి దానికి సిద్ధాంతబోధ చేయలేదు. నలుని కథ చెప్పాడు. తెలుగువారికి నన్నయభట్టారకుని వలన చిరపరిచితమైన నలోపాఖ్యానం అదే. నలుడు రాజ్యం కోల్పోయాడు, దమయంతికి దూరమయ్యాడు, కర్కోటకుని కాటుతో రూపం మారిపోయింది, పేరు కూడా మారి బాహుకుడయ్యాడు. దేశం, కుటుంబం, రూపం, నామం ఒక్కొక్కటిగా జారిపోవడమే నిర్వాసితుని కథ. అయినా అతని చేతిలోని అశ్వవిద్య పోలేదు. ఆ విద్యతోనే అతడు ఋతుపర్ణుని ఆశ్రయించాడు, ఆ విద్యకు బదులుగానే అక్షహృదయాన్ని పొందాడు. కథ ముగించి బృహదశ్వుడు ఊరుకోలేదు. ఏ జూదంలో ధర్మరాజు ఓడిపోయాడో ఆ జూదపు మర్మాన్ని అతనికి నేర్పి మరీ వెళ్లాడు. బాధ వినడం, ఆ బాధకు సాటివచ్చే కథతో ఒంటరితనాన్ని తొలగించడం, భయపెడుతున్న సమస్యను ఎదుర్కొనే నైపుణ్యం నేర్పడం: మహర్షి అనుసరించిన క్రమం ఇది.

ఆధునిక మనశ్చికిత్సలో నిర్వాసితుల కోసం రూపొందిన పద్ధతులను పరిశీలిస్తే ఇదే క్రమం కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రచురించిన 'ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్' అనే పద్ధతిలో వారానికి ఒకటి చొప్పున ఐదు సమావేశాలు ఉంటాయి. మొదట నెమ్మదిగా శ్వాస తీయడం ద్వారా దేహక్షోభను శమింపజేయడం నేర్పుతారు. తరువాత, వేధిస్తున్న సమస్యలలో మన చేతిలో ఉన్నదేదో వేరు చేసి, దానిని చిన్న చిన్న అంచెలుగా పరిష్కరించడం. ఆ పిమ్మట, మానివేసిన పనులను కొద్దికొద్దిగా తిరిగి చేపట్టడం. చివరకు, తోడు నిలిచేవారితో తెగిన సంబంధాలను మళ్లీ కలుపుకోవడం. దీనిని నేర్పడానికి వైద్యపట్టభద్రులే కానక్కరలేదు; శిక్షణ, పర్యవేక్షణ ఉంటే ఆ సమాజంలోనివారే నేర్పగలరు. పాకిస్థాన్‌లోని పెషావర్‌లో సంఘర్షణల తాకిడికి గురైన 346 మందితో చేసిన పరీక్షలో, మూడు నెలల తరువాత ఆందోళన, కుంగుబాటు రెండూ తగ్గినట్లు 2016లో ప్రకటించారు.

ప్రధానంగా భయంకర స్మృతుల పీడకు ఉద్దేశించిన 'నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ' అనే మరొక పద్ధతి ఉంది. అందులో బాధితుని ముందు ఒక తాడు పరుస్తారు. అది అతని ఆయుష్షు. జన్మ మొదలుకొని నేటి వరకు, సుఖం కలిగిన చోట ఒక పువ్వు, దుఃఖం కలిగిన చోట ఒక రాయి ఉంచమంటారు. ఆపైన కొన్ని సమావేశాలలో ఆ రాళ్ల దగ్గర ఒక్కొక్కచోట ఆగి, జరిగినది జరిగిన వరుసలో చెప్పిస్తారు. శ్రోత దానిని లిఖించి, చివరకు అతని కథను అతనికే చదివి అందిస్తాడు. ఉగాండాలో తలదాచుకున్న సూడాన్ శరణార్థులకు ఇది మేలు చేసినట్లు 2004లో వెల్లడైంది. ముక్కలుముక్కలుగా తల్లకిందులైన స్మృతి మళ్లీ ఒక వరుసకు వస్తుంది; రాళ్ల నడుమ పువ్వులు కూడా ఉన్నాయని బాధితుడు తానే చూస్తాడు.

ఇవి పాశ్చాత్యుల పద్ధతులు, మన అంతఃకరణ విచారానికి అన్యమైనవి అనే ఆక్షేపం ఉంది. దీనికి భూటాన్ నిర్వాసితుల మాతృభాషే సమాధానం చెబుతుంది. నేపాలీలో 'మన్' వేరు, 'దిమాగ్' వేరు. కోరికలకు, జ్ఞాపకాలకు, దుఃఖానికి స్థానం మన్. వివేచనకు, సంయమానికి స్థానం దిమాగ్. మన్‌లో బాధ ఉన్నదనడం ఎవరికీ సిగ్గు కాదు. దిమాగ్ చెడిందంటే మాత్రం వెలివేతతో సమానం. నేపాల్‌లోని సలహాదారులు ఈ భేదాన్ని గ్రహించి, పిచ్చికి వైద్యం అనే అర్థం ధ్వనించకుండా 'మనోసామాజిక్' సహాయం అన్నారు. మన తెలుగులో మాత్రం వేరేగా ఉన్నదా? "మనసు బాగాలేదు" అని ఎవరైనా చెప్పుకుంటారు. "మతి చెడింది" అంటే ఎవరూ ఒప్పుకోరు. మనోబుద్ధులకు శాస్త్రం చెప్పిన భేదం ఈ విధంగా నిత్యవ్యవహారంలో కూడా జీవించి ఉన్నది. ఇంద్రియాల వలె మనస్సూ ఒక కరణమే. కరణానికి దెబ్బ తగిలితే చికిత్స చేయించడంలో ఆత్మకు అవమానం ఎక్కడిది? నేత్రవైద్యుని దగ్గరకు వెళ్లినవాడు ద్రష్టృస్వరూపాన్ని కాదన్నట్లవుతుందా?

మరొక ఆక్షేపం, ఇదంతా ప్రారబ్ధం, అనుభవించి తీరవలసినదే అనడం. జ్వరం వచ్చినప్పుడు ఈ మాట అని మనం ఔషధం మానుకోము. యోగవాసిష్ఠంలోని ముముక్షు ప్రకరణం దైవాన్ని నమ్మి చేతులు ముడుచుకోవడాన్ని నిరసించి, పౌరుషాన్నే ప్రతిపాదించింది. వ్యాధి ప్రారబ్ధమైతే, వైద్యుడు ఎదురుకావడం మాత్రం ప్రారబ్ధం కాకుండా ఎలా పోతుంది?

ఈ సందర్భంలో మనకు రుచించని ఒక విషయం కూడా చెప్పాలి. నేపాల్ శిబిరాలలో చిత్రహింసలు అనుభవించిన 526 మందిని, అనుభవించని 526 మందితో పోల్చిన అధ్యయనం 1998లో వెలువడింది. హింసకు గురైనవారిలో బౌద్ధులైనవారు కుంగుబాటుకు, ఆందోళనకు తక్కువగా లోనైనట్లు అందులో తేలింది. కర్మసిద్ధాంతం ఉభయులకూ సమానమే. కనుక దోషం ఆ సిద్ధాంతానిది కానేరదు. దానిని మనం పట్టుకునే తీరును ప్రశ్నించుకోవాలన్నది నా భావన. "నా పూర్వపాపం వల్లనే నాకీ గతి" అని బాధితుడు తనను తాను శిక్షించుకోవడానికి కర్మసిద్ధాంతాన్ని వాడితే అది విషం. "ఇప్పుడు చేసే కర్మ రేపటిని మార్చగలదు" అని ధైర్యానికి వాడితే అదే అమృతం. హింసించినవాని అధర్మాన్ని మరుగుపరచి, హింస పడినవాని ఖాతాలో పాపం వ్రాయడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు.

మానసిక చికిత్స వల్ల అహంకారం బలపడుతుందని, వేదాంతం దానిని కరిగించమంటుందని మరికొందరి వాదం. సాధనచతుష్టయంలో శమదమాదులు ఎందుకున్నాయో ఆలోచిస్తే ఈ సందేహం తీరుతుంది. తునిగిన అహంకారాన్ని అర్పించడం ఎవరికీ సాధ్యం కాదు. అర్పించడానికి ముందు అది చేతిలో నిలవాలి. తమస్సులో కూరుకుపోయినవాడు రజస్సు అనే మెట్టును దాటకుండా సత్త్వానికి చేరలేడు. ఉదయం లేచి స్నానం చేయడం, రెండు మొక్కలు నాటడం, పక్కింటివారితో నాలుగు మాటలు ఆడడం అనే చిన్న కర్మలే అప్పుడు అతనికి కర్మయోగం.

అలాగని చికిత్సను మోక్షమని నేను అనడం లేదు. ఐదు సమావేశాలు పోయిన పొలాన్ని తిరిగి ఇవ్వలేవు. అన్యాయానికి గురైనవాని దుఃఖాన్ని వ్యాధి అని పేరు పెట్టి, అన్యాయాన్ని మరచిపోవడం కూడా తగదు. 2025లో అమెరికా నుండి కొందరు లోత్షాంపాలను భూటాన్‌కు పంపివేయగా, అక్కడ నిలువ నీడ దొరకక, వారిలో కొందరు తిరిగి నేపాల్ శిబిరాలకే చేరుకున్నారు. ఇటువంటి వేళ న్యాయం చేయవలసినవారు న్యాయం చేయాలి. మనస్సుకు వైద్యం చేయగలవారు వైద్యం చేయాలి. మనస్సు కుదుటపడిన తరువాత, "నేనెవరు? ఏ దేశం నాది?" అని నిర్వాసితుడు అడిగే ప్రశ్న మనందరికన్న లోతైన ఆత్మవిచారం కాగలదు. అప్పుడు గీతాబోధకు సమయం వస్తుంది.

చివరిగా ప్రవాసంలోని తెలుగు భక్తులకు ఒక మనవి. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ శ్రీవేంకటేశ్వరాలయం 1970ల నుండి మనవారికి ఎంత ఆత్మీయమో చెప్పనక్కరలేదు. ఆ నగరంలోనే వేలాది భూటాన్ నిర్వాసితులు నివసిస్తున్నారు. మీరు వెళ్లే ఏ కోవెలలోనైనా, తలపై టోపీతో, నుదుట తిలకంతో ఒక వృద్ధుడు స్తంభానికి ఆనుకొని ఒంటరిగా కూర్చొని కనిపిస్తే, తీర్థప్రసాదాలు తీసుకొని దాటిపోకండి. పక్కన కూర్చోండి. భాష రాకపోయినా రామనామం ఇద్దరికీ తెలుసు. వారి ఊళ్లో నారింజ తోటలు ఎలా ఉండేవో అడగండి. ఆలయ నిర్వాహకులు వారి పండుగలకు చోటు ఇవ్వగలిగితే, పెద్దలకు పూలు కట్టే పనో వంటశాలలో పనో అప్పగించగలిగితే, అది దానం కాదు. పోయిన స్వధర్మంలో పిసరంత తిరిగి ఇవ్వడం. ఎవరైనా బ్రతకాలని లేదంటే, ఆ మాటను వేదాంతంగా వినవద్దు. సూటిగా, ప్రేమగా అడగండి, ఒంటరిగా వదలకండి, వైద్యసహాయానికి తోడు వెళ్లండి. అమెరికాలో 988కి, భారతదేశంలో టెలి మానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

రథం నడపడానికి వచ్చిన భగవంతుడు ముందుగా చేసిన పని రథాన్ని ఆపి వినడం. మనం కనీసం ఆ పని చేయగలం.

స్వస్తి.